కంప్యూటర్ కబుర్లు: 55 వేలల్లో గేమింగ్ పీసీ

ప్రశ్న: అన్నయ్యగారూ, నమస్కారమండి. మాది సఖినేటిపల్లి, డిగ్రీ రెండో సంవత్సరం. దాళ్వా డబ్బులు చేతికొచ్చాక కంప్యూటర్‌కి 55 వేలు ఇస్తానన్నారు నాన్నగారు, చదువుకీ గేమ్స్‌కీ కలిపి అదే. మానిటర్ మా బావ ఇస్తున్నాడు, ఫుల్ హెచ్‌డీది. టౌన్‌లో ఒక షాపులో కొటేషన్ అడిగితే తెల్ల కాయితం మీద ఇలా రాసిచ్చారండి: ఐ7 ప్రాసెసర్, 16 జీబీ ర్యామ్, 4 జీబీ గ్రాఫిక్స్, 1 టీబీ హార్డ్ డిస్క్, లైట్ల గేమింగ్ క్యాబినెట్, ఎస్ఎంపీఎస్ (లోపలి పార్టులకి కరెంటు అందించే డబ్బా) ఫ్రీ, మొత్తం 48 వేలు. వాలరెంట్, జీటీఏ ఫైవ్ ఆడాలని నా కోరిక. తీసేసుకోమంటారా?

జవాబు: వద్దు తమ్ముడూ, ఇప్పుడే అడ్వాన్స్ ఇవ్వకు. ఆ కాయితం పట్టుకుని మళ్ళీ అదే షాపుకెళ్ళి, ఐ7 అన్నారు కదండీ ఎన్నో జనరేషను అని మర్యాదగా అడుగు. ఐ7 అన్న పేరు 2008 నుంచీ ఉంది, ఆ పేరు ఒక్కటీ చూసి కొనడమంటే బండి ఏ సంవత్సరం మోడలో అడక్కుండా కంపెనీ పేరు చూసి కొనెయ్యడమే. ఈ రేటుకి ఇలా రాసిచ్చారంటే చాలాసార్లు అది 2012 నాటి ఐ7 3770, దాని కింద హెచ్61 అనే అప్పటి మదర్‌బోర్డు. అందులో కోర్లు, అంటే పనిచేసే చేతులు నాలుగు, త్రెడ్లు, అంటే ఒకేసారి పట్టే పనులు ఎనిమిది. 2022లో వచ్చిన ఐ3 12100లో కూడా సరిగ్గా అన్నే ఉన్నాయి, అయినా గేముల్లో ఈ ఐ3 ఆ ఐ7ని చాలా దూరం వెనక్కి నెట్టేస్తుంది, ఎందుకంటే పదేళ్ళలో కోర్ తయారీయే మారిపోయింది.

ఇంకో సంగతి, 3770కి విండోస్ 11 సపోర్ట్ లేదు, ఇంటెల్‌లో ఎనిమిదో జనరేషన్ నుంచే ఉంది. విండోస్ 10కేమో మైక్రోసాఫ్ట్ 2025 అక్టోబర్ 14తో సపోర్ట్ ఆపేసింది. విండోస్ 11 మీద వాలరెంట్ ఆడాలంటే టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు, కంప్యూటర్ మొదలయ్యేటప్పుడే తనిఖీ చేసే సెక్యూర్ బూట్ రెండూ ఉండాలి, ఆ పాత బోర్డులో టీపీఎం 2.0 లేదు. ఎవరో ఏదో అడ్డదారిలో విండోస్ 11 ఎక్కించి ఇచ్చినా నువ్వు ఆడాలనుకున్న గేమే తెరుచుకోదు, నాన్నగారి డబ్బులు పెట్టి కొన్నాక ఆ బాధ నీకొద్దు.

ఇక 4 జీబీ గ్రాఫిక్స్ అన్నారు, ఏ కార్డో రాయలేదు చూడు. జీటీ 730 అని 2014లో వచ్చిన కార్డుంది, అదీ 4 జీబీలో దొరుకుతుంది, జీటీఎక్స్ 1650 కూడా 4 జీబీయే, రెండిటికీ నక్కకీ నాగలోకానికీ ఉన్నంత తేడా. జీబీ అనేది గోడౌన్ ఎంత పెద్దదో చెప్తుందంతే, ధాన్యం ఆడించే మిల్లు ఎంత స్పీడో చెప్పదు. అందుకని కార్డు పేరూ నంబరూ రాయించుకో, రాయము అంటే ఆ షాపు వదిలెయ్.

నీ బడ్జెట్‌కి నేనైతే ఇలా వెళ్తా. ప్రాసెసర్ రైజెన్ 5 5600, ఆరు కోర్లు, పన్నెండు త్రెడ్లు, 65 వాట్లు, డబ్బాలోనే కూలర్ వస్తుంది కాబట్టి కూలర్‌కి వేరే ఖర్చు లేదు. బోర్డు బీ450 గానీ బీ550 గానీ, అయితే బీ450 పాత స్టాక్ అయితే బయాస్ (బోర్డులోనే ఉండే మొదటి ప్రోగ్రామ్) అప్‌డేట్ చేస్తేగానీ 5600ని గుర్తుపట్టదు, అది షాపులోనే చేయించి స్క్రీన్ వెలిగాకే డబ్బులివ్వు. గ్రాఫిక్స్ కార్డు ఆర్ఎక్స్ 6600, 8 జీబీ, 2021లో వచ్చింది, అయినా ఫుల్ హెచ్‌డీ మానిటర్‌కి ఇప్పటికీ నిలబడే కార్డు, తినేది 132 వాట్లే. నువ్వు చెప్పిన రెండు గేములూ దాని మీద సెకనుకి 60 ఫ్రేములు దాటి హాయిగా ఆడతాయి. బడ్జెట్‌లో పెద్ద ముక్క, 40 శాతం దాకా అయినా సరే, ఈ కార్డుకే పెట్టు, గేములో కళ్ళకి కనపడేది దీని పనే.

ర్యామ్ దగ్గర మాత్రం ఈ ఏడాది గుండె రాయి చేసుకోవాలి. 2025 చివర్నుంచి ఏఐ సర్వర్ల కోసం మెమరీ అంతా అటు పోతోంది, ర్యామ్ రేట్లు ఎగిరిపోయాయి, హార్డ్ డిస్క్ బదులు వాడే వేగమైన ఎస్ఎస్‌డీలదీ అదే దారి. వారం వారం మారుతున్నాయి కాబట్టి నేనిక్కడ రేట్లు రాయట్లేదు, కొనే రోజు పొద్దున్నే రెండు మూడు చోట్ల కనుక్కో. తీసుకునేది డీడీఆర్4 3200, 16 జీబీ ఒకటే స్టిక్ కాకుండా 8, 8 రెండు. ఎందుకంటావా, కాలవ నుంచి చేలోకి ఒక తూము పెట్టినదానికీ రెండు తూములు పెట్టినదానికీ నీళ్ళు పారడంలో తేడా ఉండదూ, అచ్చం అలాగే. బోర్డులో నాలుగు స్లాట్లుంటే ప్రాసెసర్ పక్కనుంచి లెక్కపెట్టి రెండోదీ నాలుగోదీ వాడాలి. తర్వాత బయాస్‌లోకెళ్ళి ఎక్స్ఎంపీ, అంటే ర్యామ్‌ని దాని పూర్తి స్పీడులో నడిపే సెట్టింగ్, ఆన్ చెయ్యాలి, చెయ్యకపోతే 3200 అని కొన్న ర్యామ్ 2133 మీదో 2400 మీదో నడుస్తూ ఉంటుంది, ఏళ్ళ తరబడి అలాగే వాడేస్తున్నవాళ్ళని చూశా. హార్డ్ డిస్క్ వద్దు, 500 జీబీ ఎన్‌వీఎంఈ రకం ఎస్ఎస్‌డీ చాలు ఇప్పటికి, సినిమాలూ అవీ దాచుకోవడానికి డిస్క్ తర్వాతైనా వేసుకోవచ్చు.

అన్నీ కలిపి 55 దాటిపోతోందనుకో, అప్పుడు ఆర్‌జీబీ లైట్లు తీసెయ్, అద్దం క్యాబినెట్ తీసెయ్, ముందు జాలీ ఉన్న మామూలు క్యాబినెట్ తీసుకో, దాంట్లోంచే గాలి బాగా ఆడుతుంది. అప్పటికీ చాలకపోతే కార్డు ఇప్పుడు మానేసి రైజెన్ 5 5600జీ తీసుకో, దాన్లోనే గ్రాఫిక్స్ ఉంటుంది, వాలరెంట్ బాగానే ఆడుతుంది, సార్వా పంట వచ్చాక కార్డు వేసుకోవచ్చు. కాకపోతే 5600తో పోలిస్తే దాని ఎల్3 క్యాష్ (ప్రాసెసర్ లోపలే ఉండే చిన్న మెమరీ) సగమే, 32కి బదులు 16 ఎంబీ, తర్వాత పెద్ద కార్డు వేసినా కొంచెం వెనకబడే ఉంటుంది. తెలిసి తీసుకుంటే తప్పులేదు.

ఇప్పుడు నేను అసలు చెప్పాలనుకున్నది, ఎస్ఎంపీఎస్ ఫ్రీ అన్న మాట. తమ్ముడూ, ఆ ఫ్రీది మాత్రం వద్దు. మా ఇంట్లో జరిగింది చెప్తా. క్యాబినెట్‌తో వచ్చిన ఫ్రీ ఎస్ఎంపీఎస్‌తో నాది రెండేళ్ళు బాగానే నడిచింది. ఒక వానాకాలం రాత్రి కరెంటు పోయింది, వచ్చింది, మళ్ళీ పోయింది, మూడోసారి వచ్చినప్పుడు టప్పుమని చప్పుడు, గదంతా కాలిన రబ్బరు వాసన. పొద్దున్నే మెకానిక్ దాన్ని విప్పి నా చేతిలో పెట్టాడు, అరచేతిలో పెట్టుకుంటే రేకు డబ్బా అంత తేలిక. లోపల కెపాసిటర్లు ఉబ్బి తలలు పగిలాయి, కరెంటులో ఒడిదుడుకుల్ని వడగట్టే కాయిల్ ఉండాల్సిన చోట కాయిల్ లేదు, ఒక వైరు ముక్క అడ్డంగా పెట్టి సోల్డర్ చేసేశారు. అది పోతూ పోతూ బోర్డునీ హార్డ్ డిస్క్‌నీ తీసుకుపోయింది. ఆ డిస్క్‌లో మా చెల్లి పెళ్ళి ఫోటోలున్నాయి. మళ్ళీ రాలేదు. అప్పట్నుంచీ ఎవరడిగినా ముందు ఎస్ఎంపీఎస్ సంగతే చెప్తున్నా.

మంచి కంపెనీది 550 వాట్లు, 80 ప్లస్ బ్రాంజ్ (కరెంటు వృథా తక్కువని ఇచ్చే గుర్తు), ఐదేళ్ళ వారంటీ ఉన్నది తీసుకో. నీ సిస్టమ్ గేమ్ ఆడేటప్పుడు తినేది 250, 280 వాట్లే, అయినా మిగతాది దాని ఊపిరి. మనవైపు రాత్రయ్యేసరికి చెరువుల మీద ఏరేటర్లన్నీ తిరుగుతుంటే వోల్టేజ్ పడిపోయి ఫ్యాన్ నీరసంగా తిరగడం చూస్తూనే ఉంటాం కదా, మంచి ఎస్ఎంపీఎస్‌లు చాలావరకు 100 నుంచి 240 వోల్టుల దాకా తట్టుకుంటాయి, ఆ ఫ్రీవి తట్టుకోలేవు.

దానికంటే ముందు ఎర్త్. ఉత్తి కాళ్ళతో తడి గచ్చు మీద నిలబడి క్యాబినెట్ రేకు ముట్టుకుంటే జిల్లుమంటోందంటే మీ ఇంట్లో ఎర్త్ లేనట్టే. మూడు పిన్నుల సాకెట్ ఉన్నంత మాత్రాన వెనక మూడో వైరు ఉన్నట్టు కాదు, చాలా పాత ఇళ్ళలో పై బొక్క ఖాళీయే. ఎలక్ట్రీషియన్‌ని పిలిచి మీటరుతో ఫేజుకీ ఎర్త్‌కీ మధ్య చూడమను, ఫేజుకీ న్యూట్రల్‌కీ మధ్య వచ్చినట్టే 230కి దగ్గర్లో రావాలి, న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య ఒకటి రెండు వోల్టులు మించకూడదు. లేకపోతే పైపు దింపి, బొగ్గూ ఉప్పూ వేసి ఎర్త్ చేయించండి. మన డెల్టాలో కాస్త తవ్వితే తడి తగులుతుంది కాబట్టి ఎర్త్ బాగా కుదురుతుంది, అది మన అదృష్టం, వాడుకుందాం. నాన్నగారికి ఈ పేరా చదివి వినిపించు, ఫ్రిజ్‌కీ మోటారుకీ కూడా ఇదే రక్ష.

ఇంకొక్కటి. సిస్టమ్ నరసాపురం నుంచి బండి మీద పంటు ఎక్కించి తెచ్చుకుంటావేమో, గ్రాఫిక్స్ కార్డు షాపులోనే ఊడదీయించి దాని డబ్బాలో విడిగా పట్టుకురా. క్యాబినెట్‌ని నిలబెట్టి తెస్తే ప్రతి గతుక్కీ ఆ కార్డు బరువంతా స్లాట్ మీద వేలాడుతుంది, పక్కకి పడుకోబెట్టి, బోర్డు కిందవైపు ఉండేలా ఒళ్ళో పెట్టుకోవాలి. ఇంటికొచ్చి కార్డు బిగించాక మానిటర్ వైరు కార్డుకే పెట్టు, 5600లో సొంత గ్రాఫిక్స్ లేదు, బోర్డుకి పెడితే బొమ్మే రాదు. బిల్లు మీద జీఎస్టీ నంబరూ ప్రతి పార్టు సీరియల్ నంబరూ ఉండాలి, తెల్ల కాయితం వారంటీకి పనికిరాదు.

ప్రశ్న: మాది ఉండి దగ్గర పల్లెటూరండి. మా అబ్బాయికి 600 వీఏ యూపీఎస్ కొన్నాం, గేమ్ ఆడుతుంటే కరెంటు పోగానే సిస్టమ్ కూడా ఆగిపోతోంది. యూపీఎస్ పాడైందా? ఇంట్లో ఇన్వర్టర్ ఉంది, దానికి పెట్టెయ్యొచ్చా?

జవాబు: పాడై ఉండకపోవచ్చండీ. 600 వీఏ అని పెద్దక్షరాలతో రాసినా అది మోసేది 360 వాట్లే ఉంటుంది, కార్డు ఒక్కసారిగా లాగినప్పుడు, పైగా మానిటర్ కూడా దానికే పెట్టి ఉంటే, చేతులెత్తేస్తుంది. బ్యాటరీ రెండు మూడేళ్ళ పాతదైతే ఇంకా తొందరగా. గేమింగ్ సిస్టమ్‌కి 1000, 1100 వీఏది, 600 వాట్లు మోసేది తీసుకోండి. అదైనా గేమ్ సాగించడానికి కాదు, సేవ్ చేసుకుని ఆపుకోవడానికి ఐదు పది నిమిషాల టైమ్ ఇవ్వడానికి, అబ్బాయికి ఆ మాట ముందే చెప్పండి. ఇన్వర్టర్ సైన్‌వేవ్‌దైతే, అంటే లైన్ కరెంటులాగే నున్నటి అలలా ఇచ్చేదైతే, పెట్టుకోవచ్చు, వెనకాల యూపీఎస్ మోడ్ అని స్విచ్ ఉంటే అటు వెయ్యండి, మారే టైమ్ తగ్గుతుంది. గతుకులు గతుకులుగా ఇచ్చే స్క్వేర్‌వేవ్ అయితే పెట్టకండి, ఇప్పటి మంచి ఎస్ఎంపీఎస్‌లకి అది పడదు.

ప్రశ్న: తెలిసినాయన ఆర్ఎక్స్ 580 గ్రాఫిక్స్ కార్డు సెకండ్ హ్యాండ్ చాలా తక్కువకిస్తానంటున్నారు. తీసుకోనా?

జవాబు: ముందు ఆయన ఇంట్లోనే సిస్టమ్‌లో పెట్టి అరగంట గేమ్ ఆడించి చూడండి, స్క్రీన్ మీద రంగు చుక్కలు గానీ గీతలు గానీ వస్తే నమస్కారం పెట్టి వచ్చెయ్యండి. ఇవి 2017 నాటివి, కాయిన్ మైనింగ్‌లో రాత్రింబవళ్ళు తిరిగినవి చాలా ఉన్నాయి. 580 పేరుతోనే 2048ఎస్‌పీ అని తక్కువ రకం కూడా తిరుగుతోంది, అసలు దాంట్లో షేడర్లు (బొమ్మ గీసే చిన్న యూనిట్లు) 2304 ఉంటాయి, జీపీయూ-జెడ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో షేడర్స్ దగ్గర ఆ అంకె కనపడుతుంది. అన్నీ సరిగ్గా ఉన్నా ఇది 185 వాట్లు తింటుంది, మీ ఎస్ఎంపీఎస్ మోస్తుందా చూసుకోండి. వాయిదా వెయ్యగలిగితే కొత్త 6600 కోసం ఆగమనే నా సలహా.

ప్రశ్న: అమలాపురం నుంచండి. వాలరెంట్‌లో మాటిమాటికీ గెంతుతోంది, గ్రాఫిక్స్ కార్డు మార్చమంటున్నారు స్నేహితులు.

జవాబు: మార్చకముందు గేమ్ సెట్టింగ్స్‌లో ఎఫ్‌పీఎస్ (సెకనుకి ఎన్ని ఫ్రేములో), పింగ్ (సర్వర్‌కి వెళ్ళి రావడానికి పట్టే టైమ్) రెండూ స్క్రీన్ మీద కనపడేలా పెట్టి ఆడండి. గెంతినప్పుడు ఎఫ్‌పీఎస్ పడిపోతే సిస్టమ్ సంగతి, ఎఫ్‌పీఎస్ నిలకడగా ఉండి పింగ్ 40 నుంచి 200కి ఎగిరితే నెట్ సంగతి, దానికి లక్ష రూపాయల కార్డు వేసినా ఏమీ మారదు. సర్వర్ ముంబైకి పెట్టుకోండి, వైఫై మానేసి రూటర్ నుంచి ల్యాన్ వైరు లాగండి, మేడ మీద గదిలో ఉంటే పాతిక మీటర్ల వైరైనా పర్లేదు, వంద మీటర్ల దాకా ఇబ్బందుండదు. అప్పటికీ ఎగురుతుంటే కేబుల్ ఆయనకి ఫోన్ చేసి రాత్రి ఎనిమిది, పదకొండు మధ్య వచ్చి చూడమనండి, పగలు చూస్తే బాగానే కనపడుతుంది.

ప్రశ్న: తణుకు దగ్గర రైస్ మిల్లు పక్కనే ఇల్లు. ఆరు నెలలకే ఫ్యాన్లు గోల చేస్తున్నాయి, లోపల చీమలు కూడా.

జవాబు: ఊక దుమ్ము ప్రాసెసర్ కూలర్ రెక్కల మధ్య దుప్పటిలా పేరుకుపోతుందండి, వేడి పోదు. నెలకోసారి ప్లగ్ తీసేసి, ఫ్యాన్ రెక్కని వేలితో పట్టుకుని బ్లోయర్‌తో కొట్టండి, పట్టుకోకపోతే గాలికి మరీ స్పీడుగా తిరిగి బేరింగ్ పోతుంది. తడిగుడ్డ వద్దు. క్యాబినెట్ నేల మీద కాకుండా అడుగున్నర ఎత్తు బల్ల మీద పెట్టండి, ముందు జాలీకి లోపలివైపు సన్నటి దోమతెర ముక్క అతికించండి. చీమలకి మందు లోపల చల్లకండి, బల్ల కాళ్ళ చుట్టూ చాక్‌పీస్ మందు గీయండి, కీబోర్డు దగ్గర తినడం ఆపండి. రేకు వెనక స్లాట్ కవర్లు ఊడిపోయి ఉంటే బిగించండి, బల్లులు దూరేది అక్కడ్నుంచే.