మేనకోడలికి, టెయిల్ లైటు గురించి

చిట్టీ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి, నువ్వు వచ్చే నెల 600 కిలోమీటర్ల బ్రెవేకి, అదే గడువులోగా తొక్కాల్సిన ఆ దూరపు సైకిల్ సవారీకి, పేరిచ్చావని చెప్పింది. గొంతులో సగం భయం, సగం గర్వం. నాదీ అదే పరిస్థితి. హైదరాబాద్ నుంచి గుత్తి దాకా పోయి మళ్లీ వెనక్కి, 40 గంటల్లో. మన ఇంట్లో ఇంత దూరం తొక్కినవాళ్లు లేరమ్మా. నేను 400 దగ్గరే ఆగిపోయాను.

తర్వాత నువ్వు ఫోన్ తీసుకుని, "20,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంకు కొన్నా మామా, ఇక లైట్ల బెంగ లేదు" అన్నావు. ఆ మాటతో నాకు నిద్ర పట్టలేదు. అప్పట్లో నేనూ అచ్చం ఇదే మాట అన్నాను. అందుకే తెల్లారకుండానే లేచి రాస్తున్నా.

ట్యూబులు, పంపు, రిఫ్లెక్టివ్ జాకెట్ సంగతి నీకు తెలుసు. లైట్లు, పవర్ బ్యాంకులు అన్నీ ముందురోజు రాత్రే ఛార్జింగుకి పెట్టు.

డబ్బా మీద రాసిన అంకెని నమ్మకు. 10,000 అని రాసేది లోపలి సెల్ లెక్క, 3.7 వోల్టుల దగ్గర. బయటికి 5 వోల్టులుగా మారి వచ్చేటప్పటికి, వేడికి పోయింది పోగా నీ చేతికందేది 6,000 చిల్లర. 20,000 దైతే దానికి రెట్టింపు. అది సరిపోతుంది, కాదనను. కానీ ఆ ఒక్కటీ నీళ్లలో పడితే? దాని పోర్టు విరిగితే? దాన్ని ఇంట్లో ఉంచి, 10,000 వి రెండు తీసుకో. ఒకటి ముందు సంచీలో, ఒకటి వెనక. కేబుళ్లు కూడా రెండేసి. కొన్ని చవక లైట్లు రెండువైపులా టైప్-సీ ఉన్న కేబులుతో ఛార్జి కావు, ఒకవైపు పాత వెడల్పు పిన్ను ఉన్నదే కావాలి. అది దారిలో తెలిస్తే ఏడుపొస్తుంది.

ఇప్పుడు నా సంగతి విను.

400 బ్రెవేలో ఆలంపూర్ చౌరస్తా దాకా పోయి తిరిగొస్తున్నా. ఎర్రవల్లి చౌరస్తాలో టీ తాగుతుంటే టెయిల్ లైటు మీది చిన్న చుక్క మిణుకుమంది, ఛార్జి అయిపోవచ్చిందని. పెద్ద పవర్ బ్యాంకు ఉందిగా అన్న ధీమా. సీటు కింది సంచీలోంచి కేబులు లాగి లైటుకి గుచ్చాను, జిప్పు వేశాను, బయల్దేరాను. ముందు లైటు రోడ్డంతా తెల్లగా పరుచుకుంది. చాలా హాయిగా ఉంది.

ఆ టెయిల్ లైటు తీరేమిటంటే, కేబులు గుచ్చగానే వెలగడం మానేసి ఛార్జింగుకి పోతుంది. చాలా లైట్లంతే. నేను ఇంట్లో ఏనాడూ గుచ్చి చూడలేదు. వెనక లైటు ఆరిపోతే తొక్కేవాడికి తెలీదు కదమ్మా, రోడ్డు మీద అందరికీ తెలుస్తుంది, నీకొక్కదానికే తెలీదు.

బీచుపల్లి బ్రిడ్జి మీద గాలి. కృష్ణ కనపడదు, చల్లదనం మాత్రం తెలుస్తుంది. ఒక బస్సు నా మోచేతికి మూరెడు దూరంలోంచి దూసుకుపోయింది. తాగి తోలుతున్నాడని తిట్టుకున్నాను. ఆ వెనకే ఒక కారు కీచుమని బ్రేకు వేసి పక్కకి తప్పుకుంది. వాణ్ణీ తిట్టుకున్నాను. నేను కనపడటం లేదన్న ఆలోచన నా బుర్రకి తట్టలేదు.

బ్రిడ్జి దాటి కొంత దూరం పోయాక ఒక లారీ నన్ను దాటి ముందుకెళ్లి ఆగింది. డ్రైవరు దిగొచ్చాడు. నడివయసు మనిషి, మెడలో తువ్వాలు. "ఇంట్ల పెండ్లాం పిల్లలు లేరా సార్ నీకు? ఎనక లైటేది?" అన్నాడు. ఆయన చేతులు వణుకుతున్నాయి. ఆఖరి క్షణంలో నా జాకెట్ మీది పట్టీ మెరిసిందట, స్టీరింగు తిప్పేశాడట. దిగి చూస్తే లైటు చీకటి. సంచీ విప్పితే, కుదుపులకి కేబులు పవర్ బ్యాంకు వైపు ఊడిపోయి ఉంది. అటు వెలగనూ లేదు, ఇటు ఛార్జి కానూ లేదు. కేబులు పీకి నొక్కితే రెండు నిమిషాలు వెలిగి ఆరిపోయింది.

ఆయన ఇంకేమీ అనలేదు. లారీని నా వెనక పెట్టి, ఇండికేటర్లన్నీ వేసి, పెబ్బేరు దాకా నా వేగానికే నడిపాడు. అంత పెద్ద బండి సైకిలు వెనక నెమ్మదిగా మూలుగుతూ రావడం నాకిప్పటికీ చెవుల్లో ఉంది. పెబ్బేరులో హారన్ కొట్టి వెళ్లిపోయాడు. పేరైనా అడగలేదు నేను. రోడ్డు పక్కన కూలబడి చాలాసేపు ఏడ్చాను. మీ అమ్మకి ఈ సంగతి ఇప్పటిదాకా తెలీదు. నువ్వూ చెప్పకు.

అందుకని టెయిల్ లైట్లు రెండు పెట్టుకో. వెలుగుతున్నదాన్ని పవర్ బ్యాంకుకి ఎప్పుడూ తగిలించకు, రెండోది వెలిగించాకే మొదటిది ఛార్జింగుకి. ఈ ఆదివారమే నీ లైట్లన్నీ ఒక్కొక్కటిగా కేబులు గుచ్చి, ఏది వెలుగుతుందో ఏది ఆరుతుందో చూసి నాకు చెప్పు. దారిలో ఆగిన ప్రతిచోటా అరచెయ్యి సీటు వెనక పెట్టు. ఎర్రగా పడాలి. నిద్రమత్తులో ఉన్నా సరే, ఒళ్లు నొప్పులున్నా సరే, ముందు అది.

జీపీఎస్ డబ్బా సంగతి ఇంకొకటి. దాదాపు నిండిపోయాక అది లాగే కరెంటు మరీ తక్కువ. అప్పుడు పవర్ బ్యాంకు ఏమీ తగిలించలేదనుకుని ఆగిపోతుంది. సగానికి దిగాకే పెట్టు, నిండుతుండగా తీసెయ్. వానొస్తే కేబులు కాస్త కిందికి వేలాడేలా వదులు, నీళ్లు పోర్టులోకి జారకుండా కిందికే కారిపోతాయి. మధ్యాహ్నం ఎండలో నల్ల సంచీలో పెట్టి ఛార్జి చెయ్యకు, నీడకి ఆగినప్పుడు చెయ్. పొట్ట ఉబ్బిన పవర్ బ్యాంకు కనిపిస్తే మాత్రం అదింక ముట్టొద్దు. మా ఇంట్లో ఒకటి ఉబ్బితే మీ అత్త పెరట్లో ఇసుక బకెట్‌లో పెట్టించి, నేను పాత బ్యాటరీలు తీసుకునేచోట ఇచ్చేసి వచ్చేదాకా అన్నం పెట్టలేదు.

దారిలో హాజరు వేయించుకునే కంట్రోల్ పాయింటు దగ్గర తప్ప బయటివాళ్ల సాయం తీసుకోకూడదని రూలు, నాకు గుర్తుంది. గుత్తి నుంచి తిరిగొస్తూ నువ్వు కర్నూలు చేరేసరికి తెల్లవారుజామవుతుంది. బ్యాటరీలన్నీ అడుగంటే వేళ. నేను తుంగభద్ర బ్రిడ్జి ఇవతల, మన వైపు, రోడ్డు పక్కన నిలబడి ఉంటా. పిలవను, ఆపను, మంచినీళ్లు కూడా ఇవ్వను. నువ్వు దాటిపోయాక వెనక రెండు ఎర్రలైట్లూ బ్రిడ్జి మీద కనపడినంతసేపూ చూసి ఇంటికెళ్లిపోతా.

మీ మామ,
కర్నూలు