నాస్తికుడెవరని వాదించబోయే ముందు

చిరంజీవి మనవరాలికి, తాతయ్య ఆశీస్సులు.

నాస్తికత్వానికి సరైన నిర్వచనం ఏదన్న అంశం మీద మీ కళాశాలలో మాట్లాడబోతున్నావని మీ అమ్మ ఫోనులో చెప్పింది. చాలా సంతోషించాను. తర్కం పాఠం చెప్పి బతికినవాడిని, అంతకంటే ముందునుంచీ నాస్తికుణ్ణి. ఈ వాదనతో ఎన్నో సాయంత్రాలు గడిపాను. వాటిలో చాలా వరకు వృథా అయ్యాయి. నీకు అలా కాకూడదని ఈ ఉత్తరం రాస్తున్నాను.

ముందు మన మాట సంగతి తెలుసుకో. "అస్తి నాస్తి దిష్టం మతిః" అని పాణిని సూత్రం. లేదనే బుద్ధి గలవాడు నాస్తికుడు. ఏది లేదని? పరలోకం లేదని, అన్నారు వ్యాఖ్యాతలు. మనుస్మృతి దగ్గరకు వచ్చేసరికి "నాస్తికో వేదనిందకః" అయింది. ఈ రోజు ఎవరిని అడిగినా దేవుడు లేడనేవాడని చెబుతారు. మాట ఒక్కటే, దాని వెనుక ప్రశ్నలు మూడు. కుమారిల భట్టు వేదానికి అంకితమైన మీమాంసకుడు. అయినా లోకానికి సృష్టికర్త ఉన్నాడన్న వాదాన్ని ఖండించాడు. ఆయన ఏ వైపు? జైనుడు వేదప్రామాణ్యాన్నీ సృష్టికర్తనూ ఒప్పుకోడు, పునర్జన్మను మాత్రం ఒప్పుకుంటాడు. మరి అతను? మూడు లెక్కల్లోనూ నాస్తికుడిగా తేలేవాడు చార్వాకుడు. ఎదుటివారు ఒక నిర్వచనం చెప్పగానే ఖండించడానికి తొందరపడకు. ఈ ముగ్గురినీ వారి ముందు నిలబెట్టి, ఎవరు లోపల, ఎవరు బయట అని అడుగు. వారు ఏ ప్రశ్నకు జవాబు చెబుతున్నారో అప్పుడు వారికే తెలిసివస్తుంది.

పరీక్షకు మన తర్కశాస్త్రం మంచి పనిముట్టు ఇచ్చింది. ఆవు అంటే కపిలవర్ణం గలది అన్నామనుకో, తెల్లావు బయట ఉండిపోతుంది. అది అవ్యాప్తి. కొమ్ములున్నది అంటే గేదె కూడా లోపలికి వస్తుంది. అది అతివ్యాప్తి. చీలని గిట్ట గలది అంటే ఒక్క ఆవూ మిగలదు. అది అసంభవం. ఇప్పుడు నీ అంశానికి రా. దేవుడి మీద నమ్మకం లేకపోవడమే నాస్తికత్వం అంటే ఉయ్యాలలోని పసిబిడ్డ కూడా నాస్తికుడవుతాడు. దేవుడు లేడని నిశ్చయంగా చెప్పేవాడే నాస్తికుడంటే, రుజువు లేదు కనుక నమ్మను అనేవాడు బయటపడతాడు. ఏ దోషాన్ని ఎందుకు భరిస్తున్నావో సభలో బయటికే చెప్పు. దాచిపెట్టి గెలవాలని చూడకు.

ఈ తగాదా అడుగున ఉన్నది రుజువు బాధ్యత. ఆంగ్ల తత్వవేత్త ఆంటొనీ ఫ్లూ 1972లో ఆ సంగతి దాచకుండానే రాశాడు. నమ్మకం లేకపోవడమే నాస్తికత్వం అనుకుంటే, రుజువు చూపవలసిన భారం నమ్మేవారి మీద పడుతుంది. దేవుడు లేడని గట్టిగా చెప్పడాన్ని ఆయన పాజిటివ్ ఎథీజం అన్నాడు. అదే 1972లో విజయవాడలో ప్రపంచ నాస్తిక మహాసభ జరిపిన గోరా కూడా పాజిటివ్ ఎథీజం అనే మాటే వాడారు, పూర్తిగా వేరే అర్థంలో. గోరా అంటే గోపరాజు రామచంద్రరావు. 1940లో ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టారు, 1947లో అది విజయవాడకు వచ్చింది. మనిషి తన జీవితానికి తానే బాధ్యుడని తెలిసి బతకడమే ఆయన దృష్టిలో నాస్తికత్వం. సహపంక్తి భోజనాలు, అంటరానితనం మీద పోరాటం అందులో భాగమే. నేను బతకడానికి ఎంచుకున్నది ఈ అర్థాన్నే. అయినా నిర్వచనంగా దీన్ని నీకు ఇవ్వను. దేవుణ్ణి నమ్మకుండానే కులాన్ని పాటించేవారు ఉన్నారు. వారిని నాస్తికులు కారని అంటే, మనకు నచ్చనివారిని లెక్కలోంచి తీసేసినట్టే. ఆదర్శానికీ నిర్వచనానికీ మధ్య ఉన్న ఈ గీత చెరిపేసినవారు ఎంత పెద్దవారైనా అక్కడ ఆపి అడుగు.

ఒక తప్పు చెబుతాను. చదువుకునే రోజుల్లో ఒక స్నేహితుడు "నాకు తెలియదు, తెలుసుకోగలమని కూడా అనుకోను" అన్నాడు. పిరికివాడివి అన్నాను, నలుగురి ముందు. ఆంగ్ల జీవశాస్త్రవేత్త థామస్ హక్స్లీ 1869లో అజ్ఞేయవాది అనే అర్థంలో కొత్త మాట పుట్టించింది అలాంటి నిజాయితీ కోసమేనని నాకు అప్పటికి తెలియదు. తత్వవేత్తల ముందు తాను అజ్ఞేయవాదినని, మామూలు జనం ముందు నాస్తికుణ్ణని చెప్పుకోవాల్సి ఉంటుందని తత్వవేత్త బెర్ట్రండ్ రస్సెల్ అన్న సంగతీ తెలియదు. ఆ స్నేహితుడు తరువాత నాతో వాదించలేదు. మాట్లాడడమే తగ్గించాడు. ఎవరైనా తనకు తాను పెట్టుకున్న పేరును నీ నిర్వచనంతో లాగేయకు. ఆ పేరుతో వారు ఏం చెప్పదలచుకున్నారో అడుగు, చాలు.

నిఘంటువు తెరిచి ముగించాలనీ చూడకు. జనం ఒక మాటను ఎలా వాడుతున్నారో అది చెబుతుంది, ఎలా వాడాలన్నది నువ్వే వాదించి నిలబెట్టాలి.

చర్చకు ముందు ఒక ఆదివారం ఇంటికి రా. మీ అమ్మమ్మ రోజూ సాయంత్రం దీపం పెడుతుంది. పెళ్లయిన కొత్తలో ఒకరోజు నన్ను అడిగింది: "మీరు లేడంటున్న దేవుడు ఎవరండీ? నేను దీపం పెట్టేది ఆయనకేనా?" దానికి నేను ఇచ్చిన జవాబు ఆమెకు ఇప్పటికీ సరిపోలేదు. నీ నిర్వచనం రాసుకొని వచ్చి, ముందు ఆమెకు వినిపించు.

మీ తాతయ్య