కాగితమే కదా అన్నాను, ఆయన మాట్లాడటం మానేశారు

ప్రశ్న: మాది గుంటూరు. నాకు 57 ఏళ్లు. మా వారు స్టేషన్ మాస్టర్‌గా చేసి కిందటేడు రిటైరయ్యారు. అప్పటి నుంచి కంప్యూటర్లో గీసుకుని, ప్రింట్ తీసి, అట్టకు అంటించి రైల్వే స్టేషన్ నమూనాలు చేస్తున్నారు. ఇంట్లోనే ఒక చిన్న రైల్వే లైన్ వేస్తారట. డైనింగ్ టేబుల్ నిండా కాగితం ముక్కలు, జిగురు. రెండో బెడ్‌రూమ్ కూడా వాటితోనే నిండిపోయింది. మీటర్ గేజ్ రోజుల్లో ఆయన మొదట పనిచేసిన స్టేషన్ నడికుడి వైపు ఉండేది. దాని నమూనాకి గోడలు చెయ్యడానికే 20 రోజులు కూర్చున్నారు. శ్రావణ శుక్రవారం హడావిడిలో నేను తడిగుడ్డతో టేబుల్ తుడిచేసరికి వాటి రంగంతా కారిపోయింది. "కాగితమే కదా, మళ్లీ ప్రింట్ తీసుకోండి" అన్నాను. 12 రోజులైంది, అవసరానికి తప్ప మాట్లాడటం లేదు. అమ్మాయికి ఏడో నెల. వచ్చే నెల పురిటికి వస్తుంది. గది ఖాళీ చెయ్యమంటే ఏమవుతుందోనని టెన్షన్‌గా ఉంది. పెళ్లయిన కొత్తలో మేం ఆ స్టేషన్ పక్క క్వార్టర్‌లోనే ఉన్నాం. ఆ మధ్య "మన వంటింటి కిటికీ ఏ వైపు ఉండేది?" అని అడిగితే "ఇప్పుడవన్నీ ఎందుకండీ" అన్నాను. తూర్పు వైపే, నాకు బాగా గుర్తు. ఈ వయసులో బొమ్మలేమిటి, డాక్టర్‌కి చూపించమని మా ఆడపడుచు అంటోంది. ఏం చెయ్యను?

జవాబు: అమ్మా, ముందుగా మీ ఆడపడుచు మాట. ఆయన వేళకు తింటున్నారా, నిద్రపోతున్నారా, బయటికి వెళ్లి నలుగురితో మాట్లాడుతున్నారా చూడండి. అవి సరిగా ఉంటే డాక్టర్ అవసరం లేదు. తిండి, నిద్ర తగ్గిపోయి, ఆ నమూనాల వైపు కూడా చూడకుండా రోజంతా కూర్చుండిపోతే అప్పుడు తీసుకెళ్లండి. ఇష్టమైన పనిలో మునిగిపోవడం జబ్బు కాదు.

ఇక ఆ గోడల సంగతి. మా బాబాయి ఇలాంటివి చేసేవారు. సెలవులకి వెళ్లినప్పుడు పక్కన కూర్చుని కాగితం పెంకుల వరసలు కత్తిరించి ఇచ్చేదాన్ని కాబట్టి, అందులో ఎంత పని ఉంటుందో నాకు తెలుసు. రైలు నమూనాల్లో ఎక్కువమంది వాడే కొలత హెచ్‌ఓ. అంటే అసలు దానిలో 87వ వంతు. పది మీటర్ల గోడ పదకొండున్నర సెంటీమీటర్లవుతుంది. ఏడడుగుల తలుపు రెండున్నర సెంటీమీటర్లకు దిగుతుంది. మీ వారి చేతిలో కిటికీలు ఎంతుంటాయో ఊహించండి. వాటిని పదునైన బ్లేడుతో, స్టీలు స్కేలు ఆనించి, ఒక్క కోతలో కాకుండా నాలుగైదుసార్లు తేలిగ్గా గీస్తూ కొయ్యాలి. గట్టిగా ఒత్తితే అంచు చినుగుతుంది. తర్వాత గోడ వంగకుండా లోపల అడ్డపట్టీలు అంటించాలి. మడిచిన చోట తెల్లగా బయటపడే అంచుకు రంగు పెన్సిల్ పుయ్యాలి. ఫెవికాల్ కాస్త ఎక్కువైతే కాగితం ఉబ్బిపోతుంది.

ఇంగ్లండ్ స్టేషన్లూ ఇళ్లూ అయితే ముద్రించిన అట్ట కిట్లు కొనుక్కోవచ్చు, ఫైళ్లు దించుకుని ప్రింట్ తీసుకోవచ్చు. నడికుడి వైపు మీటర్ గేజ్ స్టేషన్‌కి కిట్ ఎవరు చేస్తారు? బెంగుళూరు పెంకుల కప్పు, పసుపు రంగు బోర్డు మీద మూడు భాషల్లో నల్ల అక్షరాలు, అన్నీ ఆయన జ్ఞాపకం నుంచి గీసుకోవాల్సిందే. 1992లో మొదలైన గేజ్ మార్పిడి పథకంతో మన దగ్గర పట్టాల మధ్య ఒక్క మీటరు దూరం ఉండే మీటర్ గేజ్ పోయి 1,676 మిల్లీమీటర్ల బ్రాడ్ గేజ్ వచ్చింది. ఆయన బాల్ టోకెన్ (లైన్‌లోకి ఒక్క బండికే అనుమతిగా ఇచ్చే లోహపు గుండు) తీసి, దారి ఖాళీ అని లైన్ క్లియర్ ఇచ్చి, రాత్రి డ్యూటీలు చేసిన ఆ లైన్ ఇప్పుడు చూడాలన్నా లేదు. ఉద్యోగం కూడా అయిపోయింది. అందుకే "మళ్లీ ప్రింట్ తీసుకోండి" అన్న మాట ఆయనకు అంతగా తగిలింది. ప్రింట్ నిజంగానే మళ్లీ వస్తుంది, ఫైల్ కంప్యూటర్లోనే ఉంటుంది. కానీ ఆ మాట ఆయన అనుకోవాలి, మనం అనకూడదు.

తప్పంతా మీదేనని నేననను. ఇంక్‌జెట్ రంగులు చాలావరకు నీళ్లు తగిలితే కరిగిపోతాయి. పని మొదలుపెట్టే ముందే మ్యాట్ వార్నిష్ పలచగా స్ప్రే చేసి ఆరబెట్టుకుంటే కొంత కాపుదల ఉంటుంది. అది చెయ్యకుండా, పూజ ఉన్న రోజున భోజనాల బల్ల మీద వదిలెయ్యడం ఆయన పొరపాటు. అయితే ఈ మాట ఇప్పుడే ఎత్తొద్దు. ముందు క్షమాపణ. "ఏదో జరిగిపోయింది, వదిలెయ్యండి" అని దాటేస్తే క్షమాపణ అనిపించుకోదు. "మీరు 20 రోజులు కష్టపడి చేసిన గోడలు నా చేతులతో పాడుచేశాను, పైగా కాగితమే కదా అన్నాను, అది తప్పు" అని పేరుపెట్టి చెప్పండి. చెప్పి ఆగండి. ఆయన వెంటనే మాట్లాడకపోయినా అలగకండి. మర్నాడు టీ తీసుకెళ్లి పక్కన కూర్చుని ఏదైనా ఒక పని అడగండి. పెంకుల వరసలు కత్తిరించడం ఎవరైనా నేర్చుకోవచ్చు, కత్తెరతోనే అయిపోతుంది.

గది మాట ఆ తర్వాత రెండు మూడు రోజులకు ఎత్తండి. ఇందులో మొహమాటం వద్దు. అమ్మాయి వచ్చేలోగా ఆ గది ఖాళీ కావాలి, ఇందులో బేరం లేదు. కానీ "తీసెయ్యండి" అనడానికీ "ఎక్కడ పెడదాం" అనడానికీ చాలా తేడా ఉంది. ఆయన చేస్తున్నది ఒక చిన్న స్టేషన్, ఒక మెయిన్ లైను, బండి పక్కకు ఆగడానికి ఒక లూప్ లైను. దానికి గది నిండా గుండ్రంగా తిరిగే పట్టాలు అక్కర్లేదు. హాల్లో గోడకు అడుగు వెడల్పు, ఐదారడుగుల పొడవు చెక్క అర బిగిస్తే బండి ఒక పక్కనుంచి వచ్చి ఆగుతుంది, పెట్టెల్ని ఒక లైను నుంచి మరో లైనుకి మార్చే షంటింగ్ జరుగుతుంది. జీవితమంతా ఎదురెదురు బళ్ల క్రాసింగులు చూసిన మనిషికి బండి ఊరికే గుండ్రంగా తిరగడంకన్నా అదే నచ్చుతుందని నా నమ్మకం.

డైనింగ్ టేబుల్ మళ్లీ మీది కావాలి. రెండడుగుల ప్లైవుడ్ ముక్క ఒకటి కోయించి ఇవ్వండి. మధ్యాహ్నం భోజనాలయ్యాక ఐదింటిదాకా దాని మీదే పని చేసుకుని, తర్వాత చెక్కతో సహా ఎత్తి బీరువా మీద పెట్టెయ్యాలి. తడిగుడ్డ భయం పోతుంది. వానాకాలం తేమకు అట్ట మెలితిరుగుతుంది కాబట్టి పూర్తయిన భాగాలు మూత ఉన్న డబ్బాలో ఉంటే ఆయనకూ మంచిది. ఒక్క విషయంలో మాత్రం గట్టిగా ఉండండి. అమ్మాయి ఇంట్లో ఉన్నన్నాళ్లూ, పాపో బాబో పుట్టాక కూడా, వార్నిష్ స్ప్రే ఇంట్లో కొట్టకూడదు, డాబా మీదే. విరిగిన బ్లేడు ముక్కలన్నీ మూత డబ్బాలోకి వెళ్లాలి. ఇది చెబితే ఆయన నొచ్చుకోరు. భద్రతా నియమాలతోనే ఉద్యోగం చేసిన మనిషి.

మీ ఉత్తరంలో మీరు రాయని మాట ఒకటుంది. ఆయన రిటైరయ్యారు, మీరు కాలేదు. ఆయన రాత్రి డ్యూటీల్లో ఉంటే పిల్లల్ని మీరే చూసుకుని ఉంటారు. ఇప్పుడు కూతురి పురుడు కూడా మీ మీదే పడబోతోంది. ఆ అలసటతోనే ఆ రోజు నోరు జారిందని నాకనిపిస్తోంది. ఇది ఆయనతో చెప్పాలి, అయితే గోడల గొడవ చల్లారాక, వేరే రోజున. కూరలు తేవడం, ఆస్పత్రి చెకప్‌లకి వెంట వెళ్లడం, ఒక పూట వంటలో చెయ్యి వెయ్యడం, ఏవి కావాలో తేల్చి అడగండి. స్టేషన్ నమూనాకి రోజుకి మూడు గంటలు దొరికితే వీటికి గంట దొరుకుతుంది.

అన్నిటికన్నా నన్ను ఆపేసింది ఆ కిటికీ ప్రశ్న. స్టేషన్ ఫోటో ఏదో ఒకటి ఆయన దగ్గర ఉండొచ్చు. క్వార్టర్ వంటింటిని ఎవరు ఫోటో తీశారు? ఆయన డ్యూటీలో ఉన్నప్పుడు ఆ ఇంట్లో ఉన్నది మీరు. వరండాకి ఎన్ని మెట్లు, నీళ్ల గోలెం ఎక్కడ, బట్టలు ఆరేసిన తీగ ఏ స్తంభం నుంచి ఏ చెట్టుకి, ఈ కొలతలన్నీ మీ దగ్గరే ఉన్నాయి. ఆయన అడిగింది వాటి కోసమే. స్టేషన్ పక్కన మీ ఇంటిని కట్టబోతున్నారమ్మా. కిటికీ తూర్పు వైపేనని ఈ రాత్రే చెప్పండి.