తోట అమ్మే ముందు అబ్బాయి పని చూడండి

ప్రశ్న: మాది అంబాజీపేట దగ్గర పల్లె. ఎకరన్నర కొబ్బరి తోటే మా ఆధారం. డిగ్రీ పూర్తయిన మా అబ్బాయి వాంకూవర్ వెళ్లి ఏడాది యానిమేషన్, విజువల్ ఎఫెక్ట్స్ డిప్లొమా చేస్తానంటున్నాడు. తోట అమ్మితే తప్ప అంత డబ్బు రాదు. పెద్దమ్మాయికి ఇంకా పెళ్లి కాలేదు. నెల రోజులుగా తండ్రీకొడుకులకు మాటల్లేవు. ఒక్కసారి మాత్రం, వాడు కంప్యూటర్లో చేసిన కొబ్బరిచెట్టును చూసి ఆయన "మట్ట అలా ఊగదురా" అని వెళ్లిపోయారు. నేను ఎవరి వైపు మాట్లాడాలి?

సమాధానం: అమ్మా, మీరు ఎవరి వైపూ మాట్లాడనక్కరలేదు, ముందు లెక్క తేలనివ్వండి. కెనడాకు ఒంటరిగా వెళ్లే విద్యార్థి ఫీజు, ప్రయాణ ఖర్చులు కాక, ఒక ఏడాది జీవన ఖర్చులకే 22,895 కెనడా డాలర్లు, అంటే దాదాపు 14-15 లక్షల రూపాయలు, తన దగ్గర ఉన్నట్టు చూపాలన్నది 2025 సెప్టెంబరు 1 నుంచి అమలులో ఉన్న నిబంధన. విద్యారుణం 7.5 లక్షలు దాటితే బ్యాంకులు సాధారణంగా ఆస్తి హామీ అడుగుతాయి, సాగుభూమిని హామీగా తీసుకోవడానికి చాలా బ్యాంకులు ఒప్పుకోవు; మీ ఇంట్లో మాట తాకట్టు దగ్గర ఆగకుండా అమ్మకం దాకా వచ్చింది బహుశా ఇందుకే.

అయితే నన్ను ఎక్కువగా కలవరపెట్టింది "ఏడాది డిప్లొమా" అన్న మాట. అక్కడ చదువు తరువాత ఉద్యోగం చేసుకునే అనుమతి, రెండేళ్లలోపు కోర్సులకు, కోర్సు ఎంతకాలమో అంతకాలమే వస్తుంది. పైగా 2024 నవంబరు 1 నుంచి చదువు అనుమతికి (స్టడీ పర్మిట్) దరఖాస్తు చేసినవారికి, డిగ్రీ కాని కోర్సు అయితే, అది నిర్దేశిత రంగాల జాబితాలో ఉండి తీరాలి. చాలా ప్రైవేటు కళాశాలల్లో చదివినవారికి ఆ అనుమతి అసలే రాదు. మీ అబ్బాయి ఎంచుకున్న కళాశాల, కోర్సు ఇందులో ఎక్కడ నిలుస్తాయో కెనడా ప్రభుత్వ వెబ్‌సైటులో అతడే చూసి, కాగితం మీద రాసి తండ్రికి చూపాలి. కమీషను మీద బతికే కన్సల్టెన్సీ మాటను ఈ విషయంలో నమ్మకండి.

ఈ రంగం గిట్టుబాటు కూడా కొబ్బరి ధరలాగే నిలకడ లేనిది. 2023లో హాలీవుడ్ రచయితలు, నటులు సమ్మె చేసినప్పుడు పనులు ఆగిపోయాయి. 2025 ఫిబ్రవరిలో విజువల్ ఎఫెక్ట్స్ చేసే టెక్నికలర్ సంస్థ కుప్పకూలినప్పుడు లండన్ నుంచి బెంగళూరు వరకు కళాకారులు రోడ్డున పడ్డారు. అయినా పని బాగా తెలిసినవారికి చోటు దొరుకుతూనే ఉంది, ఎందుకంటే స్టూడియోలు పట్టా కన్నా ముందు షోరీల్, అంటే తాను చేసిన మంచి పనులను కూర్చిన చిన్న వీడియో, చూస్తాయి. ఒకటి రెండు నిమిషాల ఆ రీల్‌ను ఇంట్లోనే, ఉచితంగా దొరికే బ్లెండర్ అనే సాఫ్ట్‌వేర్‌తో మొదలుపెట్టవచ్చు. ఎనిమిది నెలలు గడువు ఇవ్వండి. ఆ రీల్‌తో హైదరాబాదులో చిన్న పనైనా దొరికి, ఒక సినిమాకు రోటో (దృశ్యంలోని మనిషినో వస్తువునో అంచుల వెంట గీసి విడదీయడం), కంపోజిటింగ్ (విడి దృశ్యాలను ఒకటిగా కలపడం) చేసి వచ్చాక కూడా వెళ్లాలనిపిస్తే, అప్పుడు తోట మాట తిరిగి ఎత్తండి. మీ అమ్మాయి అభిప్రాయం మీ ఉత్తరంలో ఎక్కడా లేదు. తోట పూర్వీకుల ఆస్తి అయితే అందులో ఆమెకూ భాగం ఉంటుంది. ఆమెను కూర్చోబెట్టకుండా ఏ నిర్ణయమూ తీసుకోకండి.

ఇక మీ వారి మాట. జీవితమంతా కొబ్బరి దింపు చేయించిన మనిషి, గాలికి మట్ట ఎలా వంగుతుందో, ఎండు మట్ట పచ్చిదానిలా ఎందుకు ఊగదో తెలిసిన మనిషి, ఆ తెర ముందు ఆగి తప్పు పట్టారంటే కొడుకు పనిని నిజంగా చూశారన్నమాట. ఆ షాట్‌ను ఆయన చెప్పినట్టు సరిచేసి మళ్లీ చూపించమని అబ్బాయితో ఈ రాత్రే చెప్పండి; డబ్బు సంగతి ఆ రోజు ఎత్తవద్దనండి.