సినిమాలో లాగా ఓ టీనేజర్ మొండి గుర్రాన్ని కొద్ది వారాల్లో పోటీకి సిద్ధం చేయగలదా?

వారాల్లో కష్టం, నెలలు పడుతుంది. 1944 నాటి హాలీవుడ్ సినిమా 'నేషనల్ వెల్వెట్'లో ఎలిజబెత్ టేలర్ మగ జాకీ వేషంలో, బ్రిటన్‌లో అడ్డంకులు దూకే గుర్రపు పందెమైన గ్రాండ్ నేషనల్‌లో స్వారీ చేస్తుంది. నిజానికి ఆ రేసులో తొలి మహిళ దిగింది 1977లో. శిక్షణ సంగతీ అంతే, సినిమాలో కనిపించినంత తొందరగా తెమలదు.

గుర్రం దూకాల్సిన అడ్డం ముందు ఆగిపోతే ముందు నొప్పి ఉందేమో చూడాలి. జీను తీసి వెన్నెముకకు ఇరువైపులా అరచేత్తో నొక్కండి. వీపు కుంగదీసినా, చెవులు వెనక్కి వాల్చినా పశువైద్యుణ్ణి పిలవాలి. పళ్లు, డెక్కలు కూడా చూపించండి.

అన్నీ బాగుంటే నేల మీద పరిచిన కర్రలతో మొదలు. ట్రాట్‌లో (నడకకీ పరుగుకీ మధ్య వేగంలో) దాటడానికి కర్రల మధ్య దూరం సుమారు 1.3 మీటర్లు, పొట్టి గుర్రానికి ఇంకాస్త తక్కువ. తర్వాత 40 సెంటీమీటర్ల ఇంటూ ఆకారపు అడ్డం, దానికి దాదాపు 2.5 మీటర్ల ముందు నేల మీద ఒక కర్ర. అడుగు ఎక్కడ పడాలో ఆ కర్రే చూపిస్తుంది.

ఎక్కువగా చెడేది రౌతు చేతిలోనే. గుర్రం ఎగిరే క్షణంలో పగ్గాలు బిగిస్తే కళ్లెం ఇనుము నోట్లో గుచ్చుకుంటుంది, అలా కొన్నిసార్లు జరిగితే ఇక దూకదు. చేయి నిలకడ వచ్చేదాకా జూలు పట్టుకోవాలి. ఆగిపోతే కొట్టకుండా, కర్ర దించి మళ్లీ తీసుకురండి.

అంతర్జాతీయ షో జంపింగ్‌లో (గుర్రాలు అడ్డాలు దూకే పోటీలో) మొదటిసారి ఆగితే 4 పెనాల్టీలు, రెండోసారికి ఎలిమినేషన్. అందుకే ఎత్తు పెంచే తొందర కన్నా, తక్కువ ఎత్తులో ఒక్కసారీ ఆగకుండా దాటించడమే ముఖ్యం.