వర్ణవివక్షపై పోరాడిన ఇ.ఎస్. రెడ్డి భారత రాయబారా?

కాదు, ఏనుగ శ్రీనివాసులు రెడ్డి ఐక్యరాజ్యసమితి ఉద్యోగి.

1924లో అప్పటి నెల్లూరు జిల్లాలో పుట్టిన ఆయన 1949లో సమితిలో చేరారు. దక్షిణాఫ్రికా వర్ణవివక్షపై 1963లో పని మొదలుపెట్టిన ప్రత్యేక కమిటీకి కార్యదర్శి అయ్యారు. పాశ్చాత్య దేశాలు ఆ కమిటీలో చేరబోమన్నాయి. అదే ఒక రకంగా మేలు చేసింది. సభ్యులంతా ఒకే మాట మీద నిలిచారు, ప్రవాసంలో ఉన్న ఉద్యమ నేతల మాట నేరుగా విన్నారు. 1963 అక్టోబరులో, మండేలా తదితరులపై రివోనియా కుట్ర కేసు విచారణ మొదలైన వారంలోనే, రాజకీయ ఖైదీలను విడుదల చేయాలన్న తీర్మానం జనరల్ అసెంబ్లీలో 106 ఓట్లతో నెగ్గింది. వ్యతిరేకంగా పడిన ఒక్క ఓటూ దక్షిణాఫ్రికాదే.

దక్షిణాఫ్రికాలో భారతీయులపై వివక్షను 1946లో సమితి ముందుకు మొదట తెచ్చింది భారత ప్రభుత్వం. రెడ్డి కూడా దాని తరఫునే మాట్లాడారని చాలామంది అనుకోవడం అందువల్లే. ఆయన్ని యూనివర్సిటీ ప్రొఫెసర్ అనుకునేవాళ్లూ ఉన్నారు. ఆయన ఏ యూనివర్సిటీలోనూ ప్రొఫెసర్‌గా లేరు. కానీ ఓపిగ్గా సేకరించిన పత్రాలను యేల్ వంటి విశ్వవిద్యాలయాలకు ఇచ్చేశారు. ఈ ఉద్యమంపై పరిశోధన చేసేవాళ్లు ఇప్పటికీ వాటిని వెతుక్కుంటూ వెళ్తారు.