మల్టీప్లెక్స్ పాప్‌కార్న్ కోసం పిల్లల పేచీ

ప్రశ్న: మాది వరంగల్. తొమ్మిది, ఆరు, మూడేళ్ల పిల్లలు. మావారి జీతం తగ్గడంతో నెలకోసారి మల్టీప్లెక్స్‌కి వెళ్లడం మానేశాం. తోటికోడలి పిల్లలు వెళ్లొచ్చి అక్కడి పాప్‌కార్న్ గురించి చెబుతుంటే మావాళ్లు ఏడుపు. ఆయన వాళ్ల మీద అరుస్తారు. నాకేమో గిల్టీగా ఉంటోంది. ఏం చేయను?

జవాబు: ఖర్చు తగ్గించుకోవడం తప్పు కాదు, గిల్టీ ఎందుకు? 'నాన్న జీతం తగ్గింది, ఇప్పట్లో హాలుకి వెళ్లలేం' అని పెద్దవాడికి మామూలు గొంతుతో ఒక్కసారి చెప్పండి. తొమ్మిదేళ్లకి అర్థమవుతుంది. 'వచ్చే నెల చూద్దాం' అని మాత్రం దాటవేయకండి. నెల తిరిగేసరికి మళ్లీ అదే పేచీ.

కిరాణా కొట్లో పాప్‌కార్న్ గింజలు కొనండి. మామూలు మొక్కజొన్న గింజలు ఇలా విచ్చుకోవు, ఈ రకమే వేరు. హాల్లో ఒక్క టబ్‌కి పెట్టే డబ్బుతో ఇంట్లో చాలా ఆదివారాలు గడుస్తాయి. మందపాటి గిన్నెలో కాస్త నూనె, రెండు మూడు గింజలు వేసి మూత పెట్టండి. అవి పేలాక గుప్పెడు వేయండి. స్టవ్ దగ్గర మీరే ఉండండి, పిల్లలు దూరంగా కూర్చుని వింటారు. టప్... టప్, ఆపైన టపటపా. చప్పుడుకీ చప్పుడుకీ మధ్య రెండు అంకెలు లెక్కపెట్టేంత ఖాళీ వస్తే 'ఆపు' అనే పని ఆరేళ్ల పాపది.

ఎందుకు పేలుతుందని పెద్దవాడు అడుగుతాడు, అడగాలి కూడా. గింజలో సుమారు 14 శాతం నీరుంటుంది. వేడికి అది ఆవిరవుతుంది. దాదాపు 180 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఆ ఆవిరి ఒత్తిడి తట్టుకోలేక తొక్క పగులుతుంది. కొన్ని గింజలు బాగా ఎండబెట్టి విడిగా వేయించండి, ఎన్ని మొరాయించాయో వాడినే రాసుకోమనండి.

తినగా మిగిలిన పాప్‌కార్న్‌ని స్ట్రాతో ఊదుతూ బల్ల మీద పందెం పెట్టొచ్చు. దండ గుచ్చాలంటే మర్నాటిదాకా ఆగండి. తాజావి సూది తగలగానే విరుగుతాయి, మెత్తబడ్డవి నిలుస్తాయి.

మూడేళ్లవాడికి మాత్రం పాప్‌కార్న్ వద్దే వద్దు. నాలుగేళ్లు నిండేదాకా గొంతుకి అడ్డుపడే ప్రమాదం ఉంది. కింద పడ్డవీ వెంటనే ఏరేయండి. వాడికి తొలి ఏకాదశికి చేసుకునే పేలాల పిండి ఉందిగా, మెత్తగా దంచి బెల్లం, పాలతో ముద్ద కలిపి పెట్టండి.

ఇక మీవారు. కొనివ్వలేకపోతున్నానన్న బాధే అలా అరిపిస్తోందేమో. పిల్లల ముందు కాకుండా రాత్రి మాట్లాడండి. పాపతో కాగితం టిక్కెట్లు రాయించి, ఆదివారం టీవీ సినిమాకి వాటిని చింపే గేటుమ్యాన్ పని ఆయనకివ్వండి. తోటికోడలి పిల్లల్నీ పిలవండి. అప్పటికీ అరుపులు తగ్గకపోతే అది పాప్‌కార్న్‌తో తీరే సమస్య కాదు, ఇద్దరూ కలిసి కౌన్సెలర్ దగ్గరికి వెళ్లండి.